గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

కొల్లేటి లంకలనుండియు, తాడేపల్లిగూడెపు పల్లెలనుండియు ఏలూరి కచేరికి వచ్చు రైతు, తన పొలమునకు అన్యాయము జరిగెనని తోచినచో, ప్రభుత్వముపైనను అర్జీ వ్రాయించుటకు వెఱవడు. ఈ నిర్భయత్వము మనకు పుట్టుకతో వచ్చినది కాదు. దానికి తొలుత దారి చూపిన ఒక తెలుగు వర్తకుని చరిత్రమును చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారివలె నీలిమందు, వస్త్రముల వ్యాపారము చేసి విశేషధనము నార్జించిరి. అంతటితో తృప్తినొంది యుండినచో నేడు వారి పేరు తలచువారుండరు. 1844లో వారు క్రెసెంటు అను ఆంగ్లపత్రికను స్థాపించి, ప్రజల కష్టములను దొరతనమువారికి తెలుపసాగిరి. ప్రభుత్వపాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథము చేయబూనగా ప్రతిఘటించిరి. మతము మనస్సాక్షికే లోబడవలయునని నమ్మువారము గావున ఆ కార్యమును మేము మెచ్చుచున్నాము.

1852 ఫిబ్రవరిలో వారు మద్రాసు నేటివు అసోసియేషనును నెలకొల్పి, శిస్తుల భారమును, న్యాయస్థానముల జాప్యమును, విద్యాలోపమును గూర్చి పార్లమెంటునకు మహజరు పంపిరి. మఱుసటి యేడు పార్లమెంటు సభ్యులగు డాన్బీ సీమూరుగారు రాగా, వారిని జిల్లాలకు తోడ్కొనిపోయి రైతుల దుఃస్థితిని కన్నులార చూపిరి. శిస్తు చెల్లింపలేనివానిని ఎండలో వంచి కట్టుటయు, వ్రేళ్లను కిట్టీలో నొక్కుటయు ఆనాటి వసూలుపద్ధతులు. 1854లో కామన్సుసభలో ఈ విషయము చర్చకు రాగా విచారణసంఘ మేర్పడెను. దాని యెదుట 1,959 ఫిర్యాదులు దాఖలయ్యెను. 1855 నాటి నివేదిక, హింస నిజమేనని యొప్పుకొనెను. కాని తెల్లదొరలను విడిచి, దోషమును దేశీయోద్యోగులపైననే మోపెను.

అమెరికా రాజ్యతంత్రజ్ఞులగు బెంజమిను ఫ్రాంక్లినుగారును పత్రిక నడపినవారే. 1766లో కామన్సుసభ యెదుట తన వారి పన్నుల బాధను విన్నవించినవారే. వారి దేశము స్వతంత్రమగుటను వారు చూచిరి. శెట్టిగారి కా భాగ్యము లేకపోయెను. 1863లో శాసనసభలో స్థానము లభించెను గాని, ధనమంతయు ప్రజాకార్యములకు వెచ్చించి, 1868లో నిర్ధనులై కాలధర్మము నొందిరి.

న్యాయవాదులమగు మేము అర్జీలు వ్రాసి రుసుము గైకొందుము. వారు అర్జీ వ్రాసి ఆస్తిని గోల్పోయిరి. సోదరులారా, మన యింటి వాకిట నిలిచిన నిరక్షరాస్యునకు ఒక్క అర్జీ ఉచితముగ వ్రాసియిచ్చినను, ఆ ఋణమున కొంత తీర్చినవారమగుదుము.