ఖలీఫా చేత రాయించుకున్న షరతు

అబ్బాసీ ఖలీఫా అబూ జాఫర్ మన్సూర్ అనగానే 762లో ఆయన పునాది వేసిన బాగ్దాద్ నగరం మనకు గుర్తొస్తుంది. ఆయన బేగం ఉమ్మె మూసాను తలచుకునేవారు అరుదు. ఆమె హిమ్యర్ వంశపు ఆడపడుచు.

రాజ్యం చేతికి రాకముందు జరిగిన నికాహ్ అది. తాను ఉండగా మరో భార్యను గానీ, దాసిని గానీ తెచ్చుకోరాదని ఆమె షరతు పెట్టారు. నోటిమాటతో సరిపెట్టుకోక పత్రం రాయించి, సాక్షులను పెట్టించారు.

754లో మన్సూర్ ఖలీఫా అయ్యారు. ఆ పత్రం ఆయనకు బరువైంది. తప్పించుకునే దారి చెప్పమని ఫిఖ్ పండితులను అడగబోతే, ఆమె ముందుగానే వారికి ధనం పంపి అడ్డుకునేవారని తబరీ చరిత్ర చెబుతోంది. ఆమె కన్నుమూసేదాకా షరతు నిలిచింది. ఆమె కుమారుడు మహ్దీ 775లో ఖలీఫా అయ్యారు.

పత్రం భర్త చేతులు కట్టింది గానీ మనసును కట్టలేదు. దాన్ని కాపాడుకోవడానికి ఆమెకు డబ్బూ, మనశ్శాంతీ ఖర్చయ్యాయి. అయినా అంతటి పాలకుడి ఇంట ఒక స్త్రీ మాట చెల్లింది.

హంబలీ మజ్‌హబ్‌లో ఇలాంటి షరతు తప్పితే భార్య నికాహ్ రద్దు కోరవచ్చు. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో అలా కుదరదు. అయితే షరతు తప్పిననాడు తలాఖ్ అధికారం భార్యకే దక్కేలా నికాహ్‌నామాలో రాసుకుంటే చెల్లుతుంది. బిడ్డ పెళ్ళి ఖాయం చేసుకునే తల్లిదండ్రులు విందు లెక్కలకంటే ముందు ఈ సంగతి ఖాజీగారిని అడగాలని మేము కోరుతున్నాం.