గృహలక్ష్మి కేసరిగారు

స్త్రీల పత్రిక యనగానే నేడు మనకు కొత్త చీరలు, నగల బొమ్మలు కన్నులముందు మెదలును. నగను వేరొక పనికి వినియోగించిన పత్రికాధిపతి యొకరు చెన్నపురిలో నుండిరి. వారు డాక్టరు కె. ఎన్. కేసరిగారు.

వీరు 1875లో ఒంగోలు సీమలోని ఇనమనమెళ్లూరున పేదయింట జన్మించిరి. చదువుపై కోరికతో బాల్యముననే చెన్నపురి చేరిరి. అప్పటికి ఒంగోలునుండి అచ్చటికి రైలు లేదు. తరువాత ఆయుర్వేదము నభ్యసించి కేసరి కుటీరమను ఔషధశాలను నెలకొల్పిరి. స్త్రీల వ్యాధులకు వారు చేసిన లోధ్ర యను మందు తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను.

1928లో గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించిరి. మందులమ్మువారికి పత్రిక యేల యని కొందరికి తోచవచ్చును. స్త్రీల దేహబాధ నెరిగినవారు వారి మనోబాధ నరయుటలో మాకు వింత కానరాదు. ఆ పేరు మాత్రము మాలో కొందరికి నచ్చలేదు. స్త్రీని ఇంటికే కట్టివేయు పేరని వారి వాదము. కాని పత్రికలోని మాటలు ఇల్లు దాటినవి. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారద లేఖలు అందులోనే వెలువడినవి. శారద యను ఆమె తన చెలి కల్పలతకు వ్రాయు జాబులవి. బాల్యవివాహములను అరికట్టు శారదా చట్టము 1929లో వచ్చినది. సభలకు పోలేని యిల్లాండ్రు అట్టి చట్టములను గూర్చి, విడాకులను గూర్చి చెలికత్తె ఉత్తరమువలె ఇంటనే చదువుకొనగలిగిరి.

రచయిత్రులను గౌరవించుటకు కేసరిగారు గృహలక్ష్మి స్వర్ణకంకణము నేర్పరచిరి. 1934లో మొదటి కంకణము వరలక్ష్మమ్మగారికే లభించెను. ఆ కాలమున స్త్రీ చేతికి బంగారము పుట్టినింటినుండియో మెట్టినింటినుండియో రావలసినదే. ఇది ఆమె కలమునకు వచ్చినది! చీరల బొమ్మలు వేయి వేసినను ఏ పత్రికకు ఇంతటి అలంకారము దొరకునని మేము తలపము.

చెన్నపురి తెలుగుబిడ్డలకై వారు పాఠశాలను గూడ నెలకొల్పిరి. కన్నడనాట, ఈ బొమ్మసంద్రమున తెలుగు చదువుకొను మాకు ఆ పని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. చిన్ననాటి ముచ్చట్లు అను పేర స్వీయచరిత్రను వ్రాసి, 1953లో కేసరిగారు పరమపదించిరి. ఆ సంవత్సరమే ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపురి అందులో చేరలేదు. అచ్చటి తెలుగుపిల్లలకు కేసరిగారి బడి మిగిలెను.