పసిమనసును కొలిచిన మేరీ ఐన్స్‌వర్త్

పిల్లలంటే తమకెంత ప్రేమో తల్లిదండ్రులు నోటితో చెప్పగలరు. ఆ ప్రేమ తనకు ఎంతవరకు అందిందో మాటరాని పసిబిడ్డ ఎలా చెబుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి జీవితాన్ని వెచ్చించిన విదుషి మేరీ ఐన్స్‌వర్త్. మనుమల పెంపకంలో పాలుపంచుకుంటున్న మన సభ్యులు ఆమెను గురించి తెలుసుకోవడం అవసరం.

ఆమె 1913 డిసెంబరు 1న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించారు. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దవారు. 1918లో కుటుంబం కెనడాలోని టొరంటోకు తరలింది. రాత్రిపూట పాట పాడి నిద్రపుచ్చింది తండ్రే. తల్లితో అంత చనువు ఉండేది కాదు. 1939లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పొందారు. తల్లిదండ్రుల వద్ద తమకెంత భద్రత ఉన్నదని యువతీ యువకులు తలుస్తున్నారో కొలిచే ప్రశ్నావళి ఆ పరిశోధనలో ఒక భాగం. యుద్ధకాలంలో కెనడా సైన్యపు మహిళా విభాగంలో చేరి మేజరు హోదాకు ఎదిగారు.

1950లో వివాహమై భర్త చదువు నిమిత్తం లండన్ వెళ్ళారు. పత్రికా ప్రకటన ద్వారా అక్కడ దొరికిన ఉద్యోగం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. తల్లికి దూరమైన పసివారిపై డాక్టర్ జాన్ బౌల్బీ చేస్తున్న పరిశోధన అది. 1954లో దంపతులు ఉగాండా చేరారు. కంపాలా పరిసర గ్రామాల్లో 26 కుటుంబాలను ఎన్నుకొని, రెండు వారాలకొకసారి వెళ్ళి రెండేసి గంటలు కూర్చునేవారు. బిడ్డ ఎప్పుడు ఏడ్చింది, ఎవరి చంకనెక్కితే ఊరుకుంది, అన్నీ ఓపికగా రాసుకున్నారు. పాలిస్తుంది కనుకనే బిడ్డ తల్లిని అంటిపెట్టుకుంటుందన్న నాటి సిద్ధాంతం సరిపోదని ఆమెకు అక్కడే తోచింది.

తరువాత అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. మహిళా అధ్యాపకులకు భోజనశాల కూడా వేరుగా ఉన్న రోజులవి. 1960లో విడాకులయ్యాయి. సంతానం లేదు. అయినా పని ఆగలేదు. మరో 26 కుటుంబాలను, బిడ్డ పుట్టిన నెలలోపు నుంచి ఏడాది నిండేవరకు, మూడు వారాలకొకసారి, ప్రతిసారీ నాలుగేసి గంటలు పరిశీలింపజేశారు.

ఏడాది నిండిన ఆ పిల్లల కోసం ఆమె రూపొందించిన పరీక్షే ఆమెకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. కొత్త గది, కొన్ని బొమ్మలు, తల్లి, బిడ్డ. ఒక అపరిచితురాలు వస్తుంది. తల్లి కాసేపు బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. తల్లి వెళ్ళినప్పటి ఏడుపు కన్నా, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ఆమెకు ముఖ్యం. మూడింట రెండు వంతుల పిల్లలు తల్లిని చేరి, ఊరడిల్లి, మళ్ళీ ఆటలో పడ్డారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోక, కోపంతో పెనుగులాడారు. ఇంకొందరు తల్లివైపు చూడనే లేదు.

ఈ చివరి పిల్లలను మనమైతే బుద్ధిమంతులని మెచ్చుకుంటాం. అలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూసిన తరువాతి పరిశోధకులకు, పైకి కనిపించని కలవరం లోపల ఉన్నదని తెలిసింది. అడిగినా దొరకదని తెలిసిన బిడ్డ అడగడం మానుకుంటుందన్నమాట.

మొదటి నెలల్లో ఏడ్చిన వెంటనే పలకరించిన బిడ్డలు ఏడాది చివరకు తక్కువ ఏడ్చారని కూడా ఆమె బృందం 1972లో ప్రకటించింది. దీనిపై వాదోపవాదాలు నడిచాయి. ఎత్తుకుంటే అలవాటు పడతారని మన ఇళ్ళలో అనే మాటను మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి. తల్లిని విడిచి ఉండే అలవాటే లేని జపాను పసివారు ఈ పరీక్షలో విపరీతంగా ఏడ్చారు. కనుక ఒకే కొలబద్ద అన్ని దేశాలకూ యథాతథంగా సరిపోదన్న విమర్శా ఉంది. పదిమంది చేతుల్లో పెరిగే మన పిల్లల విషయంలోనూ ఇది గుర్తుంచుకోదగినది.

1984లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఆమె శాస్త్రవ్యాసంగం మానలేదు. 1999 మార్చి 21న కన్నుమూశారు.

కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఉద్యోగాలకు వెళ్ళగా పసివారి బాధ్యత నేడు మనలో చాలామందిపై ఉన్నది. సాయంత్రం తల్లి గుమ్మంలోకి రాగానే బిడ్డ ఎలా ఉంటుందో గమనించండి. పరుగున వెళ్ళి చంకనెక్కితే సంతోషం. అలిగి ముఖం తిప్పుకున్నంత మాత్రాన తప్పుపట్టవద్దు, ఎవరికీ తీర్పులు చెప్పవద్దు. తల్లి చేతి సంచీ మనం అందుకొని, బిడ్డను ఆమె ఒడిలో పెడితే చాలు.