వేతనం కోరని పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీ

ప్రముఖ పక్షి శాస్త్రవేత్త, పద్మవిభూషణ్ డాక్టర్ సలీం అలీ చేపట్టిన తొలి ప్రాంతీయ పక్షి సర్వేకు హైదరాబాదు సంస్థానం వేదికైంది. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు. అయినను ఆ సేవకు ఆయన వేతనం కోరలేదు.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ సంరక్షణలో పెరిగారు. బాల్యంలో తాను తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలుసుకొనేందుకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లడం ఆయన జీవితగతిని మార్చింది. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. అనంతరం బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరత వల్ల ఆ ఉద్యోగం రద్దయింది.

ప్రయాణ, విడిది ఖర్చులు భరించినచో ఉచితంగా పక్షుల సర్వే జరుపుతానని ఆయన సొసైటీ ద్వారా సంస్థానాలకు ప్రతిపాదించారు. హైదరాబాదు సంస్థానం అందుకు అంగీకరించింది. 1931-32లో భార్య తెహ్మీనా తోడుగా అడవులలో విడిది చేసి ఆయన సర్వే నిర్వహించారు. దాని ఫలితాలు 1933-34లో సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఏ పక్షి ఎక్కడ ఉండేదో నమోదు కానిదే ఏది తరిగిపోయిందో తేల్చడం సాధ్యం కాదు. ఆ సర్వే ప్రాధాన్యం ఇదే.

1941లో భారతీయ పక్షులపై ఆయన రచించిన గ్రంథం సామాన్యులను సైతం పక్షి పరిశీలనవైపు మళ్లించింది. భరత్‌పూర్ చిత్తడి నేలల, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవుల రక్షణకు ఆయన గట్టిగా కృషిచేశారు. ఆ రెండూ జాతీయ పార్కులయ్యాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

1900 తరువాత కనిపించని కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానికుల సాయంతో సొసైటీ శాస్త్రవేత్త తిరిగి గుర్తించారు. చోడవరం, గోవాడ చెరకు పొలాలకు ఎగువన ఉన్న విశాఖ కనుమలలోనూ ఇటువంటి పరిశీలన సాగింది. అక్కడి ఒక పక్షి ఉపజాతికి 1985లో విశాఖకు చెందిన పక్షి పరిశీలకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు.

సలీం అలీ 1987లో, 90 ఏళ్ల వయస్సులో పరమపదించారు. అదే సంవత్సరం భారత ఉపఖండంలో ప్రారంభమైన ఆసియా నీటిపక్షుల గణన ప్రధానంగా స్వచ్ఛంద పరిశీలకుల సేవతోనే సాగుతున్నది. జీతం లేకున్నను పని ఆపని సలీం అలీ మార్గంలోనే వారూ నడుస్తున్నారు.