నియాన్ వెలుగుల నిర్మాత – జార్జ్ క్లాడ్

రాత్రివేళ నగర వీథులలో అక్షరాలై మెరిసే ఎర్రని నియాన్ దీపాలు ఒకనాడు ఆధునిక నాగరికతకు చిహ్నాలు. వాటిని లోకానికి అందించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జ్ క్లాడ్.

ఆయన 1870 సెప్టెంబరు 24న పారిస్ నగరంలో జన్మించాడు. అక్కడి భౌతిక, రసాయన శాస్త్రాల విద్యాలయంలో చదివి 1889లో పట్టభద్రుడయ్యాడు. 1897లో ఎసిటిలీన్ వాయువును ఎసిటోన్‌లో కరిగించి ప్రమాదం లేకుండా నిలువ చేసే మార్గాన్ని కనుగొన్నాడు. 1902లో గాలిని ద్రవంగా మార్చే విధానాన్ని మెరుగుపరచి, పాల్ డెలోర్మ్‌తో కలసి ఎయిర్ లిక్విడ్ సంస్థను స్థాపించాడు. పరిశ్రమలకు, ఆసుపత్రులకు కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుండి వేరుచేయడం ఆ సంస్థ ఆశయం.

ఆ పనిలో మిగిలిపోయే వాయువులలో నియాన్ ఒకటి. విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ దానిని 1898లో లండన్‌లో కనుగొన్నారు. గాలిలో లక్ష పాళ్ళకు రెండు పాళ్ళు కూడ లేని ఆ వాయువును గాజు గొట్టంలో కొద్దిగా నింపి విద్యుత్తును ప్రసరింపజేస్తే ఎర్రని కాంతి వెలువడుతుంది. అయితే గొట్టం కొనలలోని ఎలక్ట్రోడులు త్వరగా అరిగిపోయి దీపం ఆరిపోయేది. క్లాడ్ వాటి పరిమాణాన్ని పెంచి ఆ లోపాన్ని సవరించాడు. ఇందుకు 1915లో అమెరికా పేటెంటు లభించింది.

1910 డిసెంబరులో పారిస్ మోటారు వాహనాల ప్రదర్శనలో ఆయన 12 మీటర్ల గొట్టాలు రెండింటిని వెలిగించి చూపాడు. ఆ ఎరుపు ఇంటి దీపానికి తగినది కాదు; ప్రకటనలకు మాత్రం చక్కగా అమరింది. 1912లో పారిస్‌లోని ఒక క్షౌరశాలకు నియాన్ బోర్డు వెలిసింది. గాజు గొట్టాన్ని మంటపై వేడిచేసి అక్షరాలుగా వంచే పని ఒక హస్తకళగా ఎదిగింది. తరువాతి దశాబ్దంలో ఆ వెలుగులు అమెరికా నగరాలకు వ్యాపించాయి.

1930లో క్లాడ్ క్యూబా తీరంలో, సముద్రపు పైనీటికి లోతునీటికి గల ఉష్ణోగ్రతా భేదంతో 22 కిలోవాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేశాడు. ఇంతటి మేధావి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తన దేశాన్ని ఆక్రమించిన జర్మనీకి అనుకూలంగా ప్రచారం చేశాడు. 1945లో న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. కొన్ని సంవత్సరాలకు విడుదలైన ఆయన 1960 మే 23న మరణించాడు.

కాలక్రమంలో ప్లాస్టిక్ బోర్డులు, ఎల్.ఇ.డి. దీపాలు వచ్చి నియాన్ బోర్డులను తొలగించాయి. నేడు కోహెడ నుండి హైదరాబాదుకు వెళ్ళే విద్యార్థికి దారిలో కనిపించేవి ఎక్కువగా ఆ కొత్త దీపాలే. పాత ఇనుముగా మారవలసిన నియాన్ బోర్డులను కొందరు కళాఖండాలుగా గుర్తించి కాపాడారు. 1981లో లాస్ ఏంజెలిస్‌లో నియాన్ కళకు ఒక ప్రదర్శనశాల ఏర్పడింది. 1996లో లాస్ వేగాస్ నియాన్ మ్యూజియం ప్రారంభమైంది. హసీండా హోటలుకు చెందిన గుర్రపు రౌతు బోర్డును బాగుచేయించి, ఆ ఏడాదే నగర వీథిలో అందరూ చూసేలా తిరిగి వెలిగించారు.

మిగులు వాయువులో వెలుగును చూడగలిగిన క్లాడ్ ప్రతిభ స్మరణీయం. ఆయన దోషం మరువరానిది. విజ్ఞానానికి వివేకం తోడు కాకపోతే ఎంతటి కీర్తికైనా మచ్చ తప్పదని ఆయన జీవితం తెలుపుతున్నది.