రాళ్లను చదివిన మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, నా గురించి కాదు, నన్ను నిలబెట్టిన ఒక మాస్టారి గురించి రాస్తానన్నాను. ఆయన మన బడిలో పాఠం చెప్పినవారు కాదు. నేను పలక పట్టిన రోజుల్లోనే కన్నుమూశారు. ఆయన పేరు దారాషా నౌషేర్వాన్ వాడియా.

మన సైన్స్ గదిలో అద్దాల బీరువా గుర్తుందా? అడుగు అరలో అభ్రకం, ముగ్గురాయి, బొగ్గుపెళ్ల, కడప బండ ముక్క ఉండేవి. వాటి మీద దుమ్ము తుడిచే పని నాది. ఆ రాళ్ల మీది ఇష్టంతోనే డిగ్రీలో జియాలజీ తీసుకున్నాను. రాళ్లు చదివి ఏం చేస్తావురా అని ఊళ్లో అందరూ అడిగినవాళ్లే. అప్పుడే వాడియాగారు రాసిన 'జియాలజీ ఆఫ్ ఇండియా' నా చేతికి వచ్చింది. ఆ పుస్తకం ఎలా పుట్టిందో తర్వాత తెలుసుకున్నాను.

వాడియాగారు 1883 అక్టోబరులో సూరత్‌లో ఒక పార్శీ కుటుంబంలో పుట్టారు. వారి పూర్వీకులది ఓడలు కట్టించే వంశం. చదువు బరోడాలో సాగింది. 1907లో, ఇరవై నాలుగేళ్లైనా నిండకముందే, జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీలో జియాలజీ అధ్యాపకుడిగా చేరారు. అక్కడ పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పారు.

కలకత్తా, లండన్ లాంటి విద్యా కేంద్రాలకు అది ఎంతో దూరం. కానీ కాలేజీ దాటి బయటికి వస్తే శివాలిక్ కొండలు. సెలవులు వస్తే ఆయన సుత్తి, సంచీ పట్టుకుని ఆ కొండల్లోకి వెళ్లిపోయేవారు. ఏనాడో అంతరించిపోయిన స్టెగోడాన్ అనే ఏనుగు జాతి దంతం, పుర్రె భాగాలు ఆ కొండల్లోనే ఆయనకు దొరికాయి. మన దేశపు విద్యార్థికి మన దేశపు రాళ్ల గురించి చెప్పే సరైన పాఠ్యపుస్తకం అప్పట్లో లేదు. ఆ లోటు తీర్చడానికి తానే కూర్చుని రాశారు. అది 1919లో అచ్చయింది. ఆ తర్వాత కొన్ని తరాలు దాన్నే చదువుకున్నాయి.

1921లో, ముప్పై ఎనిమిదో ఏట, విదేశీ డిగ్రీ ఏదీ లేకుండానే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. వాయవ్య హిమాలయాల్లో ఏళ్ల తరబడి నడిచారు. తూర్పు నుంచి వచ్చే పర్వత శ్రేణులు నంగా పర్బత్ దగ్గర ఒక్కసారిగా దక్షిణానికి మలుపు తిరుగుతాయి. మలుపుకు ఇవతలా అవతలా అవే రాళ్లు, అదే వరుసలో ఉన్నాయని ఆయన 1931లో చూపించారు. అంటే అవి రెండు వేర్వేరు పర్వతాలు కావు. ఒకే పర్వతం మెలిక తిరిగింది. దక్షిణాన ఉన్న పాత గట్టి నేల, నాలుకలా ముందుకు పొడుచుకు వచ్చి, ముడత పడుతున్న ఆ పొరలకు అడ్డు తగిలింది. దుప్పటిని బల్ల మూలకు ఆనించి నెడితే ముడతలు ఆ మూల చుట్టూ ఎలా తిరుగుతాయో, అలా. క్లాసులో నేను ఈ పాఠం దుప్పటితోనే చెప్పేవాణ్ని.

ఉద్యోగ విరమణ ఆయనకు విశ్రాంతి కాలేదు. 1938లో సింహళం వెళ్లి ఆ ప్రభుత్వానికి ఖనిజ శాస్త్రవేత్తగా ఆరేళ్లు పనిచేశారు. 1943లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించవలసిన జవహర్‌లాల్ నెహ్రూ జైల్లో ఉన్నారు. అంతకు ముందు ఏడాది అధ్యక్షుడైన వాడియాగారే ఆ బాధ్యత మళ్లీ మోశారు. తిరిగి వచ్చాక భారత ప్రభుత్వానికి భూగర్భ సలహాదారుగా, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ డైరెక్టర్‌గా ఉన్నారు. 1949లో అణుశక్తికి కావలసిన ఖనిజాల అన్వేషణ ఆయన చేతికే వచ్చింది. అప్పుడు ఢిల్లీలో చిన్నగా మొదలైన ఆ విభాగమే నేడు హైదరాబాద్ బేగంపేటలో ఉన్న అణు ఖనిజాల సంస్థ. మన కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం వెనకా ఆ సంస్థ అన్వేషణే ఉంది.

1957లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఆయనే. 1958లో పద్మభూషణ్, 1963లో నేషనల్ ప్రొఫెసర్ గౌరవం అందుకున్నారు. 1964లో అంతర్జాతీయ జియలాజికల్ కాంగ్రెస్ మొదటిసారి ఆసియాలో, ఢిల్లీలో జరిగినప్పుడు ఎనభై ఒకటో ఏట అధ్యక్ష పీఠంలో కూర్చున్నారు. హిమాలయాల అధ్యయనానికే ఒక సంస్థ కావాలని పట్టుబట్టి 1968లో దానికి ప్రాణం పోశారు. మరుసటి ఏడాది జూన్ 15న కన్నుమూశారు. ఆ సంస్థ తర్వాత డెహ్రాడూన్ చేరి, ఆయన పేరే పెట్టుకుంది.

ఇన్ని పదవుల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ జమ్మూ మాస్టారే. నేను పనిచేసిన డిగ్రీ కాలేజీలో ఒక ఏడాది జియాలజీలో చేరింది నలుగురే. సెక్షన్ ఎత్తేస్తారన్న మాట వినబడింది. నేనూ మనసు విరిగి, పాత నోట్సు చూసి పాఠం ముగించేయడం మొదలుపెట్టాను. ఒకరోజు 'జియాలజీ ఆఫ్ ఇండియా' తిరగేస్తుంటే సిగ్గేసింది. ఆయనకు పుస్తకమే లేదు, రాసుకున్నారు. నాకు పుస్తకం ఉంది, నలుగురు పిల్లలున్నారు, ఊరి చుట్టూ కొండలున్నాయి. ఆ ఆదివారం నలుగురినీ వెంటబెట్టుకుని కొండకు వెళ్లాను. తర్వాత మూడేళ్లకు ఆ సెక్షన్ మూసేశారు. దాన్ని నేను ఆపలేకపోయాను. కానీ ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు జియాలజీలోనే బతుకుతున్నారు.

మొన్న బడికి వెళ్లినప్పుడు ఆ బీరువా చూశాను. అద్దం పగిలింది, అడుగు అర ఖాళీగా ఉంది. హెడ్మాస్టరుగారి అనుమతితో ఈ ఉత్సవాలకు దాన్ని బాగుచేయించి, నలభై ఏళ్లుగా నేను పోగుచేసుకున్న రాళ్లన్నీ పేర్లు రాసి అందులో పెడుతున్నాను. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్కటే మనవి. దానికి తాళం వేయకండి. పిల్లల్ని ముట్టుకోనివ్వండి.