ఇంజినీర్ కాలేకపోయిన నోబెల్ విజేత



పిల్లలు తొమ్మిదో తరగతికి రాగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. ఎంపీసీనా, బైపీసీనా? ఎవరైనా సీఈసీ అంటే చుట్టాలు వింతగా చూస్తారు. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి ఇంజినీర్ కావాలనుకున్నారు, కాలేకపోయారు. కామర్స్‌లో చేరారు. చివరికి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన పేరు సర్ ఆర్థర్ లూయిస్.

లూయిస్ 1915 జనవరి 23న కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టారు. అప్పట్లో అది బ్రిటిష్ వలస. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు. ఆయనకు ఏడేళ్లప్పుడు జబ్బు చేసి కొన్నాళ్లు బడి మానాల్సి వచ్చింది. పాఠాల్లో వెనకబడకూడదని నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. మూడు నెలల్లో రెండేళ్ల పాఠాలు వచ్చేశాయి. బడికి తిరిగి వెళ్లాక నాలుగో తరగతి నుంచి నేరుగా ఆరుకు పంపారు.

ఆ వయసులోనే నాన్న చనిపోయారు. ఐదుగురు కొడుకులను తల్లి ఐడా ఒక్కరే పెంచి పెద్ద చేశారు. వారిలో అలెన్ లూయిస్ తర్వాత స్వతంత్ర సెయింట్ లూసియాకు మొదటి గవర్నర్ జనరల్ అయ్యారు. తాను చూసినవాళ్లలో అమ్మ అంత క్రమశిక్షణ, అంత కష్టపడే గుణం ఇంకెవరిలోనూ లేవని ఆర్థర్ చెప్పుకునేవారు.

తరగతులు దాటించడం మనకు గొప్పగా అనిపిస్తుంది. దానికి ఆయన మూల్యం చెల్లించారు. తనకన్నా రెండు మూడేళ్లు పెద్దవాళ్ల మధ్య చదవడం వల్ల శారీరకంగా తాను తక్కువన్న బాధ ఆయన్ను చాలాకాలం వెంటాడింది. మంచి మార్కులే సర్వస్వం కాదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. పద్నాలుగేళ్లకే బడి చదువు పూర్తయింది. స్కాలర్‌షిప్ పరీక్ష రాయడానికి వయసు చాలదు. అందుకని ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి ఉత్తరాలు రాయడం, టైపింగ్, ఫైళ్లు సర్దడం నేర్చుకున్నారు. ఆ వయసులో చదవాల్సిన చరిత్ర, సాహిత్యం చదవలేకపోయానని ఆయనకు లోటుగానే ఉండిపోయింది.

1932లో స్కాలర్‌షిప్ వచ్చింది. కోరిక ఇంజినీరింగే. కానీ నల్లజాతి ఇంజినీర్‌కు వలస ప్రభుత్వమూ ఉద్యోగం ఇవ్వదు, తెల్లవారి కంపెనీలూ ఇవ్వవు. లా, మెడిసిన్ ఆయనకు ఇష్టం లేదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బీకాం తీసుకున్నారు. చేరేనాటికి ఎకనామిక్స్ అంటే ఏమిటో కూడా ఆయనకు తెలియదు! 1937లో ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు, పీహెచ్‌డీ చేశారు, అక్కడే పాఠాలు చెప్పారు. 1948లో, 33 ఏళ్లకే మాంచెస్టర్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

అక్కడ ఒక ప్రశ్న ఆయన్ను వదల్లేదు. ఇంగ్లండ్‌లో పారిశ్రామిక విప్లవం వచ్చిన తొలి యాభై ఏళ్లలో లాభాలు పెరిగినా కూలీల నిజ వేతనాలు ఎందుకు పెద్దగా పెరగలేదు? 1952లో బ్యాంకాక్‌లో ఒక రోడ్డు మీద నడుస్తుండగా సమాధానం తట్టింది.

దాన్ని ఇలా ఊహించండి. ఒక చిన్న పొలం మీద ఐదుగురు అన్నదమ్ములు ఆధారపడ్డారు. ఇద్దరు పట్నం వెళ్లినా పంట తగ్గదు. ఇలాంటి కుటుంబాలు లక్షల్లో ఉంటే, ఊళ్లో దొరికేదానికన్నా కాస్త ఎక్కువ ఇస్తే చాలు, ఫ్యాక్టరీకి మనుషులు వస్తూనే ఉంటారు. యజమాని లాభాన్ని మళ్లీ ఫ్యాక్టరీలోనే పెడితే ఇంకొందరికి పని దొరుకుతుంది. ఊళ్లో అదనపు మనుషులు అయిపోయిన రోజు నుంచి అందరి కూలీ పెరుగుతుంది. ఊరు వదిలి హైదరాబాద్, విశాఖపట్నం చేరిన కుటుంబాలకు ఈ కథ కొత్త కాదు.

దీన్ని ఆయన 1954లో ఒక వ్యాసంగా ప్రచురించారు. జాతీయ ఆదాయంలో 4, 5 శాతం పొదుపు చేసే సమాజం 12, 15 శాతం పొదుపు చేసే సమాజంగా ఎలా మారుతుందన్నదే అందులో అసలు ప్రశ్న. దేశాలు దశాబ్దాల తరబడి ఎలా ఎదుగుతాయో పీజీ, పీహెచ్‌డీ స్థాయిలో చదివేవారికి లూయిస్ మోడల్ నేటికీ ముఖ్యమైన పాఠం.

1979లో ఆయనకు, థియోడర్ షుల్ట్జ్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. శాంతి బహుమతి కాకుండా మరో విభాగంలో నోబెల్ గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1991లో బార్బడోస్‌లో కన్నుమూశారు. తూర్పు కరీబియన్ వంద డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంటుంది.

ఇప్పుడు ఒక్క విషయం గమనించండి. ఆయనకు పేరు తెచ్చిన ఆలోచన లెక్కల పుస్తకంలోంచి మొదలుకాలేదు, చరిత్రలోని ఒక ప్రశ్న నుంచి మొదలైంది. టీనేజీలో చరిత్ర చదవలేకపోయానని బాధపడిన మనిషి, పెద్దయ్యాక ఆ లోటు పూడ్చుకుని అక్కడే తన సమాధానం వెతుక్కున్నారు.

మీరూ ఇంటి ఖర్చులు తగ్గించుకుని పిల్లల ఫీజుల కోసం పొదుపు చేస్తున్నారు. దాని విలువ మా టీచర్లకు తెలుసు. ఆ పొదుపు ర్యాంకు కోసమే కాకూడదని నా మనవి. సోషల్ పుస్తకం పట్టుకున్న పిల్లవాణ్ణి మ్యాథ్స్ చేసుకోమని లేపకండి. గ్రూపు ఎంచుకునే ముందు, ఏ పాఠం చదువుతుంటే టైం తెలియడం లేదో ఒక్కసారి అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.